పత్తిచేలో పొత్తిగుడ్డలు

మా వైపు పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో చుట్టరు. పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టి ఉతికి, మళ్ళీ కట్టి ఉతికి మెత్తబడిన నూలుచీరలో చుడతారు. బాగా బతికిన తాత పంచె అయితే మరీ మంచిదంటారు. వాటిని పొత్తిగుడ్డలంటారు. ఇంట్లో పిల్లకు నెలలు నిండుతున్నాయంటే తల్లి ముందుగా చూసుకునేది రేకుపెట్టెలో ఆ గుడ్డలు ఉన్నాయా లేవా అనే.

ఒక ఇంట్లో అలా దాచిపెట్టుకున్న గుడ్డలు నా మూలంగా పత్తిచేలోకి పోయాయి. శుభ్రమైన పత్తి ఎలా తీయాలో కూలీలకు నేర్పే ఉద్యోగంలో ఉన్నాను నేనప్పుడు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పినప్పుడల్లా నేను బాగా కనపడే సగమే చెప్పాను.

నేను ఇంటర్ తప్పినవాణ్ణి. తొంభైల చివర్లో వరసగా రెండేళ్ళు మా రెండెకరాల పత్తిని పురుగు తినేసింది. మా నాన్న మందు కొట్టీ కొట్టీ విసిగి, చేను కౌలుకిచ్చి గుంటూరు మిర్చియార్డులో పనికి కుదిరాడు. పరీక్షకు ఫీజు కట్టి కూడా రెండోసారి నేను వెళ్ళలేదు. పొద్దున్నే శాఖా గ్రంథాలయం మెట్ల మీద కూర్చునేవాణ్ణి, తలుపు ఎప్పుడు తీస్తారా అని. కొన్నాళ్ళకు లైబ్రేరియన్ గారు బీరువా తాళాలు నా చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. నేను పుస్తకాలను ఏరుకుని చదవలేదు, అర తరవాత అర చదువుకుంటూ పోయాను. వ్యవసాయం, నేతపని, చరిత్ర, ఆరోగ్యం, శిశుపోషణ, అటక మీది పాత గెజెటీర్లు. నచ్చిన ముక్కలు నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవాణ్ణి. ఇంట్లో పడివున్న ఒక పాతచీరలో ఆ నోటుబుక్కుల్నీ, పాతపుస్తకాల కొట్లో కొన్న పుస్తకాల్నీ మూటకట్టి, కలరా ఉండలు వేసి గూట్లో పెట్టేవాణ్ణి. డిగ్రీ ఉన్నవాడు కనపడితే వాడికి తెలియని సంగతి ఒకటి మాటల్లో తెచ్చి చూపిస్తే గాని నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ గుణమే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పైన సంస్థ ఒకటి ఆఫీసు తెరిచింది. బయటి దేశంలో పసిపిల్లల బట్టలు అమ్మే కంపెనీ కోసం మా జిల్లాల పత్తిని కొని నూలు మిల్లుకు పంపడం దాని పని. పత్తి శుభ్రంగా ఉండాలి, తీసే కూలీని గౌరవంగా చూడాలి. ఇవి ఆ కంపెనీ షరతులు. ఇంటర్వ్యూకు నాతోపాటు ముగ్గురు డిగ్రీవాళ్ళు వచ్చారు. చీరాల వైపు రేవుల నుంచి ఒకప్పుడు గుడ్డ ఓడలెక్కి ఏయే దేశాలకు పోయేదో నేను చెప్పుకొచ్చాను. మేనేజరు గారు పెన్ను కింద పెట్టి విన్నారు. నల్లపాడు స్టేషను దగ్గర గది తీసుకున్నాను. నాకిచ్చిన ఊళ్ళు పర్చూరు వైపు నల్లరేగడివి.

అక్కడ పత్తి తీసే ఆడవాళ్ళు నడుముకు ఒక పాత గుడ్డను సంచిలా కట్టుకుని, రెండు చేతులతో తీసిన పత్తిని అందులో వేసుకుంటారు. దాన్ని ఒడి అంటారు. ఒడి నిండితే గట్టు మీద కుప్పలో పోస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఒళ్ళన్నీ పాలిస్టర్ చీరల ముక్కలే. ఆ పోగు ఒక్కటి పత్తిలో కలిసినా నూలులోకి వచ్చేస్తుంది. దానికి అద్దకం రంగు అంటదు, తెల్లగుడ్డ మీద మచ్చలా తేలుతుంది. తలవెంట్రుకలదీ, యూరియా సంచి పీచుదీ ఇదే సంగతి. అందుకని కంపెనీ కాగితంలో ఇలా ఉంది: ఒడి నూలుగుడ్డదే కావాలి, తలకు నూలుగుడ్డ చుట్టుకోవాలి, పత్తిని ప్లాస్టిక్ సంచుల్లో నింపకూడదు. ఆ కాగితాన్ని తెలుగులో రాసింది నేనే. రాసి, ఊరి రేషను షాపు గోడకు అంటించి, అంటించాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

ఒళ్ళ కోసం కంపెనీ దీపావళికి ముందే రెండు తానుల కోరా నూలుగుడ్డ కూడా పంపింది. నా ఊళ్ళన్నిటికీ సరిపడా గుడ్డ అది. నేను పంచలేదు. ఊరికే ఇచ్చిన వస్తువును జనం లెక్కచేయరని, తమ వంతు తాము తెచ్చుకుంటేనే ఆ పనిని తమదనుకుంటారని అంతకుముందే ఒక పుస్తకంలో చదివాను. నోటుబుక్కులో ఎర్రసిరాతో గీత కూడా గీసుకున్నాను. మేనేజరు గారికి ఫోను చేసి, ఒళ్ళు వాళ్ళనే తెచ్చుకోమందామని చెప్పాను.

"నీ ఇష్టమయ్యా. విజిట్ నాటికి మాత్రం అందరి నడుముకీ ఉండాలి," అన్నారాయన.

రెండు తానులూ నా గదిలో మంచం మీద, తలవైపు గోడకు ఆనించి పెట్టుకున్నాను. సాయంత్రాలు వాటికి వీపు ఆనించి చదువుకునేవాణ్ణి. కాస్త గట్టిగా ఉన్నా చదవడానికి మంచి ఎత్తు.

ఆ ఊళ్ళో పత్తి తీసే ముఠాకు పెద్ద ఒకావిడ. నలభై అయిదేళ్ళుంటాయేమో. అందరూ మేస్త్రమ్మ అనేవారు. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు, అందరూ ఆమె మాట మీదే కదిలేవారు. ఏ చేలోకి ఎప్పుడు దిగాలో, ఎవరి సాలు ఎవరిదో ఆమే చెప్పేది. రైతులందరూ వాళ్ళను ఏమే అని పిలిచేవారు. నేను మాత్రం మీరు అనేవాణ్ణి. గౌరవం సంగతి అంతటితో తీరిపోయిందని నా నమ్మకం.

నవంబరులో మొదటి తీత రోజు, మంచు ఆరేలోపు గట్టు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. పత్తి పుట్టుక దగ్గర్నుంచి, మన గుడ్డ ఓడలెక్కి పోయిన రోజుల దాకా చెప్పాను.

"ఇప్పుడా ఓడలు లేవా సారూ?" అంది మేస్త్రమ్మ.

"ఉన్నాయి. ఇప్పుడు మన పత్తి పోతోంది."

"అయితే ఒకదాన్ని ఇటు తిప్పమను. పోయేటప్పుడు నాకో నూలుచీర దించిపోతాడు."

ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, అసలు సంగతికి వచ్చాను. రేపటి నుంచి ఒడి నూలుగుడ్డదే కావాలి, లేనివాళ్ళు ఈ చేలోకి రావద్దు అన్నాను.

"నూలుగుడ్డ ఎవరి దగ్గరుంది సారూ," అంది వెనకనుంచి ఒక సన్నటావిడ. "మేం కట్టేదంతా ఈ పాలిస్టర్ సిల్కేగా. నూలుచీర ధరకి ఇయ్యి మూడొస్తయ్యి. ఉతికి ఆరేస్తే అన్నం తినే లోపల ఆరుద్ది. పత్తి మాది, పాలిస్టరూ మాదే."

"ఇంట్లో పాతవి ఉంటాయి కదా. వెతకండి."

"పాతయ్యి ఉంటే మసిగుడ్డలైపోతయ్యి, ఇల్లలికే గుడ్డలైపోతయ్యి. పెట్టెలో దాస్తారా ఏంది."

"ఎవరికుంటే వాళ్ళు తెచ్చుకోండి," అన్నాను. నా గొంతు మెత్తగానే ఉంది. మీరు అనే అన్నాను.

మర్నాడు మేస్త్రమ్మతో కలిపి ఆరుగురు తెచ్చుకున్నారు. ఒకామె మొగుడి పాత పంచె తెచ్చింది, ఒకామె పిల్లవాడి స్కూలు చొక్కా విప్పి కుట్టింది. మిగిలిన ఆరుగురి నడుములకు మళ్ళీ మెరిసే పాలిస్టర్ ముక్కలే. నేను వాళ్ళను వెనక్కి పొమ్మన్నాను. మా పత్తికి తీతకూలి మామూలుకన్నా కొంచెం ఎక్కువ. అది పోగొట్టుకోవడం వాళ్ళకు మామూలు సంగతి కాదు. గట్టు దిగి పోబోతున్న వాళ్ళను మేస్త్రమ్మ ఆపింది.

"కూర్చోండే. ఎవరూ పోబాకండి," అని, నాతో, "ఒక్క గంట సారూ," అంది.

ఊళ్ళోకి పోయి గంటలోపే తిరిగొచ్చింది. చంకలో చిన్న మూట. రెండు చీరాల నేతచీరలు, ఒక పంచె. చీరల రంగు ఒకప్పుడు ఏదో ఉండి ఉంటుంది, ఇప్పుడు పాలమీగడ రంగుకు వచ్చేశాయి. వేపాకు వాసన. గట్టు మీద కూర్చుని ఒక కొసను పళ్ళతో కొరికి, రెండు చేతులతో లాగింది. చిరిగినప్పుడు చప్పుడు పెద్దగా రాలేదు, అంత మెత్తటి గుడ్డ. ఆరుగురికీ ఆరు ఒళ్ళు, తలకు ఆరు ముక్కలు. పంచెలో మిగిలిన పేలిక ఒకటి తన తలకు చుట్టుకుంది.

నేను ఒక ముక్కను వేళ్ళ మధ్య పెట్టి చూశాను. "ఇంత మంచి నూలు ఇంట్లో పెట్టుకుని లేదంటారేం," అన్నాను.

సన్నటావిడ అంది: "మా మేస్త్రి మనవడి గుడ్డలు సారూ అయ్యి. వాళ్ళ అత్త చీరలు, మామ పంచె. కూతురికి తొలికానుపు, ఇంకో మూడు నాలుగు నెలల్లో. పుట్టబోయేవాడి గుడ్డలు మా నడుములకి కట్టింది."

"నోరు మూసుకుని సాలు పట్టవే," అంది మేస్త్రమ్మ.

నేను విన్నాను. వినలేదని చెప్పుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను కాని విన్నాను. ఆ గుడ్డలు దేనికో కూడా నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఆ అలవాటే. నేనన్న మాట ఇది: "పాతగుడ్డల్లో క్రిములుంటాయమ్మా. బిడ్డకు కొత్తవే మంచివి. పుస్తకాల్లో అలాగే ఉంది." శిశుపోషణ అరలో చదివిన ముక్క అది. మేస్త్రమ్మ ఒడి ముడి బిగిస్తూ నా మొహంలోకి ఒకసారి చూసి, "అట్టాగా సారూ," అని సాల్లోకి దిగింది.

ఆ సాయంత్రం గదికి వెళ్ళి, తానులకు ఆనుకుని, నోటుబుక్కులో రాసుకున్నాను: మొదటి ఊళ్ళోనే వంద శాతం నూలు ఒళ్ళు, కంపెనీ గుడ్డ ఒక్క గజం వాడకుండా.

జనవరిలో కంపెనీవాళ్ళు వచ్చారు. బయటి దేశపు ఆవిడ ఒకరు, ఆవిడ మాటలు తెలుగులో చెప్పడానికి ఒక అమ్మాయి, మా మేనేజరు గారు. అప్పటికి రెండు తీతలు అయిపోయాయి. చేలో పన్నెండు మందీ నూలు ఒళ్ళతో, నూలు తలగుడ్డలతో వరసగా పత్తి తీస్తున్నారు. ఎండలో అది చాలా అందంగా ఉంది. ఆ ఆవిడ మేస్త్రమ్మ తలకున్న గుడ్డ కొసను పట్టుకుని, నేను చేసిన పనే చేసింది, వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. ఏదో అడిగింది.

"ఇది మేం పంపిన గుడ్డ కాదే, ఇంత మెత్తగా ఉందేమిటని అడుగుతున్నారు," అంది ఆ అమ్మాయి.

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను నిజం చెప్పగలిగిన చోటు అదే. పక్కన ఎవరూ నా గొంతు పట్టుకుని లేరు. "వాళ్ళ సొంత గుడ్డలండి. ఈ పని తమదనుకుని వాళ్ళంతట వాళ్ళే తెచ్చుకున్నారు," అన్నాను.

"మరి మేం పంపిన తానులు?"

"భద్రంగా ఉన్నాయండి. నా దగ్గరే."

ఆ అమ్మాయి ఈ మాటలన్నీ తెలుగులోనే అడిగింది, నేను తెలుగులోనే చెప్పాను. ముఠా మొత్తం అక్కడే ఉంది. మేస్త్రమ్మ చేతులు కాయ మీదే ఆగిపోయాయి. ఆవిడ మేస్త్రమ్మను కూడా అడిగించింది: ఇవి మీ సొంతమేనా అని. మేస్త్రమ్మ నన్ను చూసి, "మాయ్యేనమ్మా," అంది. అబద్ధం కాదు అది. ఆవిడ చాలా సంతోషించింది. మేస్త్రమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకుంది.

కారు వెళ్ళిపోయాక మేస్త్రమ్మ గట్టు మీదికి వచ్చింది.

"గుడ్డ పంపారా సారూ?"

"పంపారు. ఇద్దామనే ఉంది. వచ్చే సీజనుకి..."

"ఎప్పుడు పంపారు?"

"దీపావళికి ముందు."

"దీపావళికి ముందు," అంది ఆమె. అని, ఒడిలో పత్తిని కుప్పలో పోసి, ఖాళీ ఒడిని రెండుసార్లు దులిపి, మళ్ళీ సాల్లోకి పోయింది. ఆ రోజు ఇక నన్ను ఏమీ అడగలేదు, ఓడల గురించి కూడా.

మర్నాడే తానులు తీసుకుపోయి ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. మేనేజరు గారు ఫోనులో మెచ్చుకున్నారు. సొంత ఒడి పద్ధతి బాగుంది, రిపోర్టు రాసి పంపు అన్నారు. రాసి పంపాను, మంచి తెలుగులో. గుడ్డ ఇప్పుడిస్తే ఆ రిపోర్టు ఏమవుతుంది? పైకి చెప్పుకున్న కారణం అది. లోపలి కారణం ఇంకా చిన్నది. తాను భుజానేసుకుని ఆ ఊళ్ళో బస్సు దిగితే, నేను తప్పు చేశానని పన్నెండు మందికీ ఒకేసారి తెలుస్తుంది. తెలియడానికి ఇంకేం మిగిలిందని అప్పుడు తోచలేదు. ఆ ఊరికి వెళ్ళడం తగ్గించుకుని వేరే ఊళ్ళు తిరిగాను.

శివరాత్రి పోయి ఎండ ముదిరింది. మేస్త్రమ్మ కూతురు మగబిడ్డను కన్నదని ఆ ఊరి రైతు ఎవరో జిన్నింగ్ మిల్లు దగ్గర మాటల్లో అన్నాడు. రెండు రోజులు ఆగాను. మూడో రోజు తాను ఒకటి భుజాన వేసుకుని బస్సెక్కాను.

అప్పటికి పత్తి అయిపోయి మిరపకోతలు నడుస్తున్నాయి. నేను కాలనీలో వాళ్ళింటికి చేరేసరికి మేస్త్రమ్మ కూడా అప్పుడే చేలోంచి వచ్చినట్టుంది. మోచేతుల దాకా మజ్జిగ పూసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నన్నూ తానునీ చూసి, "దిగిందా ఓడ," అంది. నవ్వలేదు.

లోపల నులకమంచం మీద కూతురు, పక్కన బిడ్డ. ఊదారంగు పాలిస్టర్ చీరముక్కలో చుట్టి ఉన్నాడు. మెడ మడతల్లో, చంకల్లో ఎర్రటి చెమటపొక్కులు. ఆ గుడ్డ చెమటను పీల్చదు, లోపలే ఉంచుతుంది. ఇది కూడా నేను చదివిందే. కూతురు తాటాకు విసనకర్రతో విసురుతోంది. బిడ్డ ఏడుపు అందుకున్నాడు. ఆ అమ్మాయి లేవబోయి, నడుము పట్టుకుని కూర్చుండిపోయింది.

"నువ్వు లేవబాక," అంది మేస్త్రమ్మ. తను లేచి గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుంది. "సారూ, కాస్త ఎత్తుకో. నా చేతులు ఒకటే మంట. వట్టి చేత్తో ముట్టుకుంటే వాడి ఒళ్ళూ మండుద్ది. మా అత్త మిరపకోతల కాలంలో మడతగుడ్డ మీద వేసుకుని ఎత్తుకునేది నా పిల్లల్ని. మెత్తటి నూలుగుడ్డ నాలుగు మడతలు పెడితే ఘాటు దిగదు. ఈ సిల్కుగుడ్డ పలచన, పైగా జారుద్ది. పుట్టి పదకొండు రోజులు. ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు నేను."

నేను ఎత్తుకున్నాను. తల కింద చెయ్యి పెట్టాలని తెలుసు, పెట్టాను. గుడ్డ నిజంగానే జారింది. వాణ్ణి గట్టిగా పట్టుకుంటే పొక్కులు నొక్కుకుంటాయి, వదులుగా పట్టుకుంటే జారిపోతాడు. నా చేతులకు మిరప ఘాటు లేదు, మట్టి లేదు. వాటికి ఏదీ లేదు. మేస్త్రమ్మ గుమ్మంలోంచి మెడ చాపి, వాడి మొహం వైపే చూస్తూ, "ఓలోలో, మా నాయనే," అంటోంది దూరంనుంచే.

వాడు ఊరుకున్నాక మంచం మీద పడుకోబెట్టి, తాను కట్టు విప్పాను. "ఇది తెచ్చాను. నూలే," అన్నాను.

ఆమె మోచేత్తో గుడ్డను ఒకసారి రాసి చూసింది. "గంజిగుడ్డ. గోనెపట్టా మాదిరుంది. బిడ్డకి కాదు సారూ ఇది, ఒడికి బాగుంటది. ఒడికే కదా పంపింది."

"ఉతికితే మెత్తబడదా?"

"ఎందుకు పడదు. పడుద్ది. వీడు బడికి పోయే నాటికి."

కూతురు తల వంచుకుని నవ్వింది. నేను, ఆ పాత ఒళ్ళు వెనక్కి తీసుకుని ఉడకేస్తే, అన్నాను.

"వేసిందండీ మా అమ్మ," అంది ఆ అమ్మాయి. "నాలుగుసార్లు ఉడకేసింది. మందు వాసన పోలేదు. చేలో పురుగుమందు కొట్టిన నాలుగో రోజునేగా ముఠా తీతకి దిగింది. దీంట్లో బిడ్డనెట్టా పడుకోబెడతామని చివరికి మసిగుడ్డలు చేసింది."

శుభ్రమైన పత్తి. గోడకు అంటించిన నా కాగితంలో పాలిస్టర్ గురించి ఉంది, వెంట్రుకల గురించి ఉంది, యూరియా సంచి పీచు గురించి ఉంది. మందు కొట్టిన ఎన్ని రోజులకు మనిషి చేలోకి దిగాలో లేదు. ఆ సంగతీ నేను చదివే ఉన్నాను. అడిగినవాడు లేడు గనక చెప్పలేదు.

ఆమె తీసుకోని తానును మళ్ళీ భుజాన వేసుకుని, ఆ రోజు నల్లపాడు గదికి పోకుండా మా ఊరు వెళ్ళాను. అమ్మను నూలుచీరలేమైనా ఉన్నాయా అని అడిగాను. అమ్మ కట్టుకున్నదీ పాలిస్టరే. "నూలుచీర కట్టి ఎన్నాళ్ళయిందిరా. నువ్వు పుస్తకాలకి చుట్టావే, అదే ఆఖరుది," అంది.

గూట్లోంచి మూట దించి ముడి విప్పాను. పుస్తకాలు, నోటుబుక్కులు నేల మీద పరుచుకున్నాయి. చీర ఒక కొసన సిరా మరక. దులిపి మడతపెడుతుంటే అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"ఎవరికి?"

"ఒక పసివాడికి."

"మీ నాయనమ్మ చీర అది. నువ్వూ దాంట్లోనే పెరిగావు. నువ్వు పుస్తకాలకి కట్టుకుంటుంటే, ఇష్టమై కట్టుకున్నాడులే అని ఊరుకున్నా." చీర కొసను ముక్కు దగ్గర పెట్టుకుని, "కలరా ఉండల వాసన కొడుతోంది. అట్టాగే ఇచ్చేవు," అంది.

అమ్మ ఉడకేసిచ్చిన ఆ చీర తీసుకుని మూడు రోజుల తరవాత మళ్ళీ వెళ్ళాను. మేస్త్రమ్మ ఇంటిముందు మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. చీరను చేత్తో ముట్టుకోలేదు. వంగి వాసన చూసింది. చెంప ఆనించి చూసింది.

"ఎవరిది సారూ?"

"మా నాయనమ్మది."

"ఎన్నేళ్ళు బతికింది?"

"ఎనభై దాటి."

ఆమె తల ఊపింది. సన్నటావిడను పక్కింటి నుంచి పిలిచి, "దీన్ని చింపవే. నా చేతులు తగలకూడదు," అంది. ఆవిడ కొస కొరికి, సరిగ్గా మధ్యకు చింపింది. ఒక సగాన్ని మేస్త్రమ్మ తీగ మీద ఎండలో వేయించింది. "ఇంకా వాసనుంది. రెండెండలు తగలాల. ఎల్లుండి వేస్తాం వాడికి."

రెండో సగాన్ని చూపించి, "అది పెట్టెలో పెట్టు," అంది ఆవిడతో.

"అదీ బిడ్డకే వాడండి," అన్నాను.

"లేదులే సారూ. అది వచ్చే ఏటికి. ఒడికి మళ్ళీ అడుగుతావుగా."

అడగనని చెప్పాను. ఆమె మిరపకాయల దగ్గరికి పోయి కూర్చుంది. వాడికి ఆ గుడ్డ వేయడం నేను చూడలేదు.

మరుసటి దీపావళి దాటగానే కంపెనీ నుంచి కొత్త కాగితం వచ్చింది. అందులో ఒళ్ళ కోసం గుడ్డ పంపడం ఆపేసినట్టుంది. పత్తి తీసేవాళ్ళు సొంత నూలుగుడ్డ తెచ్చుకోవడం మా జిల్లాలో అమలైన మంచి పద్ధతి అనీ, దాన్ని మిగతా జిల్లాల్లోనూ పాటించాలనీ ఉంది. ఆ ముక్కలు నా రిపోర్టులోవే. పక్కన మేస్త్రమ్మ ఫోటో ఉంది. దాన్ని తెలుగులో రాసి ఊరూరా చదివి వినిపించడం నా పని. బ్రాడీపేట మెట్లెక్కి ఈ మాట తప్పు సార్ అని చెబుదామని రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ కోచింగ్ సెంటరు గుమ్మం దగ్గర పిల్లలు చెప్పులు విడిచిన చోట నిలబడి, వెనక్కి వచ్చేశాను. ఈ ఉద్యోగం పోతే నేను మళ్ళీ ఇంటర్ తప్పినవాణ్ణే.

మొదటి తీత రోజు ఆ ఊళ్ళో గట్టు మీద ఆ కాగితం చదివాను. ముఠా అంతా కూర్చుని వింటోంది. మేస్త్రమ్మ కూర్చోలేదు. చివర్న నిలబడి వింటోంది, మా నాయనమ్మ చీర సగాన్ని అప్పటికే నడుముకు ఒడిగా కట్టుకుని. సిరా మరక ఉన్న కొస బయటికి కనపడుతోంది.